ఇంటిపన్ను రసీదులో ఎనిమిది పైసలు

బీరువాలోంచి ఇంటిపన్ను రసీదు తీసి దగ్గర పెట్టుకుని ఈ అధ్యాయం మొదలుపెట్టండి. అద్దెకుండేవాళ్ళు ఓనరుగారి తలుపు తట్టనక్కర్లేదు, ఆయన కట్టే పన్ను మీ అద్దెలోదే. ఇంటిపన్ను, నీటిపన్ను, వీధిదీపాల పన్ను వరసలో ‘లైబ్రరీ సెస్సు’ అనో ‘గ్రంథాలయ పన్ను’ అనో ఒక గడి ఉంటుంది. రూపాయి పన్నుకి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టంతో వచ్చిన ఈ సెస్సు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పటికీ నడుస్తోంది. ఏడాదికి 2,000 రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం అందుకు తోడు 160 రూపాయలు లైబ్రరీకి ఇస్తోందన్నమాట. పదిహేనేళ్ళకి 2,400.

‘ఊరికే చదువుకోడానికీ కాలక్షేపానికీ ఏమన్నా ఉంటే చెప్పండి’ అని అడిగినవాళ్ళకి నేను ముందు ఈ గడి చూపిస్తాను. ఊరికేమీ కాదు. డబ్బు కట్టేసి, సరుకు తెచ్చుకోకుండా, ఆ కొట్టు ముందునుంచే రోజూ నడిచిపోతున్నాం. నేనూ అంతే. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ గడి మొదటిసారి చదివింది రిటైరైన ఏడాది.

పోయిన వేసవిలో మా పక్కింటి కుర్రాడూ నేనూ అరుగు మీద కూర్చుని వాడి ఫోన్ ఖర్చు లెక్కేశాం. డిగ్రీ అయింది, గ్రూప్-2కి చదువుతున్నాడు. సినిమాలకి రెండు యాప్‌లు, పాటలకొకటి, కోచింగ్‌కొకటి, ఎందుకు పెట్టుకున్నాడో వాడికే గుర్తులేనిది ఇంకొకటి. ఈ ఐదోది ‘నెల రోజులు ఫ్రీ’ అంటే నొక్కాట్ట. ఏడాదిగా నెలనెలా బ్యాంకులోంచి డబ్బు లాక్కుపోతోంది. వాళ్ళమ్మగారు కాఫీ గ్లాసులు పెట్టి, ‘‘చూడండి మాస్టారూ, వీడు చదివేది తక్కువ, కట్టేది ఎక్కువ’’ అన్నారు.

‘‘ఫ్రీగా దొరికేదంతా చెత్తే కద మాస్టారూ’’ అన్నాడు వాడు తల ఎత్తకుండా.

వాడి మాట పూర్తిగా తప్పని నేననను. వెతకడం తెలియకపోతే నిజంగానే చెత్తే చేతికొస్తుంది. మంచి సరుకు కాస్త లోపల, తాళం వేసిన బీరువాలో ఉంటుంది. బీరువా అంటే నిజం బీరువానే. దాని సంగతి ముందు చెబుతాను.

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో శాఖా గ్రంథాలయం ఒకటి ఉంటుంది. మొదటిసారి వెళ్ళినవాళ్ళు చూసేది ఒకటే దృశ్యం: పొడుగు బల్ల, దాని మీద దినపత్రికలు, ఫ్యాను కింద కుర్చీ వదలని నలుగురు పెద్దమనుషులు. గోడవారన ఇనప బీరువాలు, వాటికి తాళాలు. ‘ఇక్కడ పేపర్లు తప్ప ఏమీ లేవు’ అనుకుని తిరిగొచ్చేస్తారు. తిరిగిరాకండి. లైబ్రేరియన్ దగ్గరికెళ్ళి తాళం తీయమని అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క ఉద్యోగే రెండు మూడు లైబ్రరీలకి ఇన్‌ఛార్జి. పుస్తకం పోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కాబట్టి తాళం వేస్తాడు, అడిగితే తీస్తాడు. నా అనుభవంలో, అడిగే మనిషి వచ్చాడంటే ఆయనకి ప్రాణం లేచొస్తుంది.

అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ‘మంచి పుస్తకాలేమున్నాయండీ’ అంటే ఆయనేం చెప్పగలడు? ఒక చీటీ మీద మూడు పేర్లు రాసుకెళ్ళండి: ఒక రచయిత, ఒక పుస్తకం, ఒక విషయం. మూడింట్లో ఒకటైనా దొరుకుతుంది. దొరకని రెండూ జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉన్నాయేమో కనుక్కోమనండి. సభ్యత్వానికి చాలాచోట్ల అడిగేది గుర్తింపు కార్డు నకలు, ఫొటో, మానేసినప్పుడు తిరిగిచ్చే చిన్న డిపాజిట్. వేళలు మాత్రం బ్యాంకు వేళల్లా ఉండవు. ఎక్కువచోట్ల ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తారు. వారపు సెలవు ఆదివారమే అనుకోకండి, చాలా శాఖా గ్రంథాలయాలకి అది శుక్రవారం.

వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకి సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు పాతదే. కొత్త పుస్తకాలు తక్కువన్నదీ నిజమే. కానీ వెళ్ళేవాళ్ళు లేని లైబ్రరీకి నిధులడిగే గొంతు కూడా ఉండదు. మీ పేరు సభ్యుల రిజిస్టర్లో ఎక్కడం కూడా ఒక రకం అర్జీయే.

పోటీపరీక్షల పిల్లలు ఈ రహస్యం ఎప్పుడో కనిపెట్టారు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే వెళ్ళి చూడండి. సొంత పుస్తకాలు, టిఫిన్ బాక్సు, మంచినీళ్ళ సీసా పట్టుకొచ్చి కుర్చీ దొరకబుచ్చుకుంటారు. అక్కడ వాళ్ళకి కావాల్సింది పుస్తకం కాదు, చుట్టూ చదివేవాళ్ళు. ఇంట్లో టీవీ మోతలో గంటసేపు నిలవని మనసు అక్కడ నాలుగు గంటలు నిలుస్తుంది. ఏ యాప్‌కీ చేతకాని పని ఇది.

సర్కారువారివి సరే, జనం తమంత తాము కట్టుకున్న లైబ్రరీలు మనకి ఉన్నన్ని తక్కువ చోట్ల ఉంటాయి. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో పుట్టాయి. వేటపాలెం చేనేత ఊరు. 1929లో గాంధీగారు అక్కడికి వచ్చారు. ఇప్పటికీ పాత పత్రికల సంచికల కోసం పరిశోధకులు ఆ ఊరే బస్సు దిగుతారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టుకుని కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. పుస్తకం జనం దగ్గరికి రావాలన్నది ఆయన పట్టు. ఇవాళ అది మన జేబులోకే వచ్చింది, కాకపోతే పిలిస్తే పలకడం లేదు. ఎందుకు పలకడం లేదో ఇప్పుడు చెబుతాను. ఈ అధ్యాయంలో మీకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

భారత ప్రభుత్వం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటోలు తీయించింది. వాటిలో తెలుగువి వేలల్లో ఉన్నాయి. తర్వాత ఆ సైటు మూతపడింది కానీ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి వెతికితే దొరకవేం? ఆ ఫొటోలకి పేర్లు పెట్టినవాళ్ళు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తమదైన పద్ధతిలో రాశారు. దీర్ఘం వస్తే అచ్చు అక్షరం రెండుసార్లు, సున్నా వస్తే ఎన్ పక్కన ఒక కొటేషన్ గుర్తు. ‘ఆంధ్ర’ అని వెతకాలంటే మనం ఒక ఏ కొట్టి ఊరుకుంటాం, అక్కడ రెండు ఏలు ఉంటాయి. దీనికి తోడు ముద్రణ సంవత్సరం తప్పు, ఒకరి పుస్తకానికి ఇంకొకరి పేరు, రెండు భాగాల పుస్తకంలో ఒక భాగం ఎక్కడో. పెళ్ళిలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు వెతకాలి.

వెతికే దారులు చెబుతాను. ముందు తెలుగు లిపిలోనే కొట్టండి, ఈమధ్య చేర్చిన పుస్తకాలకి తెలుగు పేర్లే ఉంటున్నాయి. దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘాలు రెట్టించి, సున్నా ఉన్న ముక్క వదిలేసి, పేరులో సులువైన ఒక్క మాటతో ప్రయత్నించండి. పుస్తకం పేరు మొండికేస్తే రచయిత ఇంటిపేరు పట్టుకోండి. అన్నిటికన్నా దగ్గరి దారి మాత్రం ఇది: తెలుగు వికీపీడియాలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు పుస్తకాల జాబితా ఉంది, అక్షరక్రమంలో, తెలుగు లిపిలో, ఎవరో పుణ్యాత్ములు ఓపిగ్గా కూర్చుని తయారుచేసింది. నాకిది తెలియక ముందు రెండేళ్ళు వృథాగా తడుముకున్నాను.

ఇందులో చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మన దేశంలో రచయిత కన్నుమూసిన ఏడాది తర్వాత అరవై ఏళ్ళకి రచన అందరి సొత్తవుతుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి, 1946లో పోయిన చిలకమర్తి, 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి, ‘మాలపల్లి’ రాసి 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వీళ్ళందరి పుస్తకాలూ నిక్షేపంగా దించుకోవచ్చు. 1979లో పోయిన చలం, 1983లో పోయిన శ్రీశ్రీ ఆ లెక్కలోకి ఇంకా రాలేదు. ఇక బతికున్న రచయిత కొత్త నవలని ఎవడో ఫొటోలు తీసి టెలిగ్రామ్ గుంపులో పడేస్తే అది ఉచిత వనరు కాదు, దొంగసొత్తు. తెలుగులో వెయ్యి కాపీలు వేసి అమ్ముకోవడమే గగనంగా ఉన్న రోజుల్లో ఆ మనిషి కంచంలో చెయ్యి పెట్టకండి.

ఇంకో తేడా గమనించండి. ఫొటో పుస్తకం వేరు, అక్షరాల పుస్తకం వేరు. డెబ్భై ఎనిమిదేళ్ళ మా మేనత్త ‘కన్యాశుల్కం’ మళ్ళీ చదవాలని ముచ్చటపడితే, ఆర్కైవ్ ఫొటోలు ఫోన్లో పెట్టిచ్చాను. ‘‘ఒరే, ఈ పక్క లాగితే ఆ పక్క పోతోంది’’ అని రెండో రోజు తిరిగిచ్చేసింది. అదే నాటకం తెలుగు వికీసోర్స్‌లో టైపు చేసి ఉంది. అక్కడైతే అక్షరం ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు, వాక్యాలు తెరకి సరిపడా సర్దుకుంటాయి, ఫోన్ చేతే చదివించుకోవచ్చు. ఫోన్ గొంతుతో గిరీశం మాటలు వింటే అత్త నవ్వాపుకోలేకపోయింది, గురజాడ ఉద్దేశించిన చోట్ల కాకపోయినా.

కథల కోసమైతే కథానిలయం. కాళీపట్నం రామారావుగారు శ్రీకాకుళంలో 1997లో పెట్టిన ఈ లైబ్రరీకి సొంత సైటుంది, పాత పత్రికల్లోని కథలు రచయిత పేరుతో వెతుక్కోవచ్చు. మాట అర్థం కావాలంటే ఆంధ్రభారతి: ఒకే గడిలో మాట కొడితే బ్రౌను నిఘంటువు నుంచి సూర్యరాయాంధ్ర దాకా అన్నీ ఒకేసారి జవాబిస్తాయి. భాగవతం, అన్నమయ్య మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలు ఎన్నింటినో ఊరికే దించుకోనిస్తుంది. ‘ఈమాట’ పత్రిక 1998 నుంచీ అమెరికా తెలుగువాళ్ళ చేతుల మీదుగా నడుస్తోంది. పాత సంచికలన్నీ తెరిచే ఉంటాయి, అరుదైన రేడియో నాటకాలూ ప్రసంగాలూ ఆడియో రూపంలో ఉంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో స్టోరీవీవర్ పెట్టండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టినది, తెలుగు బొమ్మల కథలు బోలెడు. అచ్చేసి పంచినా ఎవరూ ఏమీ అనరు, అలాగే వాడుకోమని వాళ్ళే రాసిపెట్టారు.

చదువు దగ్గరికి వస్తే, గ్రూప్స్ రాసేవాళ్ళకి సీనియర్లు చెప్పే మొదటి మాట ‘ఆరు నుంచి పది దాకా సాంఘికశాస్త్రం పుస్తకాలు తిరగెయ్’ అని. ఆ పుస్తకాలు రెండు రాష్ట్రాలవీ దీక్ష యాప్‌లో ఉన్నాయి, పాఠం పక్కన వీడియోలతో సహా. మా కుర్రాడు వాటినే రంగురంగుల నోట్సుగా కోచింగ్ యాప్‌లో కొన్నాడు. పైచదువులకి స్వయం. 2017లో కేంద్రం మొదలుపెట్టిన ఈ వేదిక మీద ఐఐటీలు, సెంట్రల్ యూనివర్సిటీల ఆచార్యులు పాఠాలు చెబుతారు. చేరడానికీ వినడానికీ పైసా అక్కర్లేదు. చివర్లో పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే పిల్లలకి ఇంకో భాగ్యం 2025 జనవరి నుంచి దక్కింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద సుమారు 13,000 అంతర్జాతీయ పరిశోధన పత్రికలు వాళ్ళకి కాలేజీ లాగిన్‌తో తెరుచుకుంటాయి. ఇది తెలియని ఎం.ఎస్సీ. విద్యార్థులు నాకే ముగ్గురు తగిలారు. కాలేజీ లైబ్రేరియన్‌ని అడగండి. మళ్ళీ అడగడం దగ్గరికే వచ్చాం చూడండి.

వినోదానికి ఎక్కువ చెప్పను, వెతుక్కోవడంలో మీరే నాకన్నా గట్టివాళ్ళు. ఒక్క రేడియో మాత్రం చెప్పి తీరాలి. ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్‌లో విజయవాడ, హైదరాబాద్, విశాఖ కేంద్రాలు ఎక్కడున్నా వినబడతాయి, వివిధ భారతితో సహా. వంట చేస్తూ, చీర మడతపెడుతూ, బస్సులో కళ్ళు మూసుకుని వినొచ్చు. కళ్ళని ఫోన్‌కి అప్పజెప్పనక్కర్లేని వినోదం ఇదొక్కటే మిగిలింది. దూరదర్శన్ కార్యక్రమాలకి ప్రసార భారతివారి ‘వేవ్స్’ యాప్ 2024లో వచ్చింది. పాత సినిమాలు హక్కులున్న సంస్థలే యూట్యూబ్‌లో పూర్తిగా పెట్టాయి. మధ్యలో ప్రకటనలు భరించాలి, అంతే. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు ఎక్కించుకుంటే కొత్త సినిమా చూపిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం పోకండి. మీ బ్యాంకు ఓటీపీలు చదవగల యాప్ మీకు సినిమా ఊరికే ఎందుకు చూపిస్తుంది?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకి రెండు ముక్కలు. అక్కడి ఊరి లైబ్రరీ కార్డు పర్సులో క్రెడిట్ కార్డు కన్నా విలువైంది. ఆ కార్డు నంబరుతో లిబ్బీ యాప్‌లో ఈ-పుస్తకాలూ ఆడియో పుస్తకాలూ, చాలా లైబ్రరీల్లో కనోపీలో సినిమాలూ ఉచితం. తెలుగు పుస్తకం ఆ ఊళ్ళో లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించమని కౌంటర్లో అడిగి చూడండి. ఆర్నెల్లు సోఫాలో కూర్చుని మనవడి బడి వేళ కోసం గడియారం చూడక్కర్లేదు.

ఇన్ని చెప్పాక ఒక తప్పు ఒప్పుకోవాలి. ‘ఊరికే వస్తే మావాడు ఇంకొకడున్నాడు’ అన్న సామెత నా కోసమే పుట్టింది. ఆర్కైవ్ దారి తెలిసిన కొత్తలో ఆరు నెలల్లో నాలుగొందల పుస్తకాలు దించాను. స్వయంలో ఒకేసారి ఐదు కోర్సుల్లో చేరాను. పుస్తకాల్లో తెరిచినవి ముప్పై, చివరిదాకా చదివినవి నాలుగు. కోర్సుల్లో మూడోవారం దాటింది ఒక్కటీ లేదు. దించుకోవడమే చదవడమన్నంత తృప్తి, అదొక మత్తు. డబ్బు పెట్టి కొన్న పుస్తకం అలమరలోంచి మనని నిలదీస్తుంది, ఊరికే దించినది కిక్కురుమనదు. ఇప్పుడు నా నియమం ఒకటే: చేతిలో ఉన్నది పూర్తయితేనో, యాభై పేజీలు చదివి నచ్చలేదని తేల్చుకుంటేనో తప్ప ఇంకోటి దించను. కోర్సు ఒక్కటే, వారానికి రెండు రోజులు, ఫలానా గంట. అందుకే లైబ్రరీ పుస్తకం నాకు ఇప్పటికీ ఇష్టం. ఫలానా రోజుకి తిరిగివ్వాలి అన్న చిన్న భయం ఉంటుంది దాన్లో. ఆ భయమే చదివిస్తుంది.

మా కుర్రాడి సంగతి చెప్పి ఆపుతాను. ఐదింట్లో మూడు యాప్‌లు తీసేశాడు. ఒక సినిమా యాప్ ఉంచుకుంటానన్నాడు, వాళ్ళమ్మగారి సీరియల్ ఉందట, నేను నోరెత్తలేదు. లైబ్రరీకి మొదటిరోజు వెళ్ళి పది నిమిషాల్లో రుసరుసలాడుతూ తిరిగొచ్చాడు. ‘‘మూసుంది మాస్టారూ, మీరు చెప్పేవన్నీ ఇంతే.’’ క్యాలెండర్ చూపించాను. శుక్రవారం.

శనివారం చీటీ రాసుకెళ్ళాడు. లైబ్రేరియన్ తాళం తీసి, రెండు బీరువాలు వెతికి, సురవరంవారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసిచ్చాడట. తెలుగుకి మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. గ్రూప్స్‌కి కావాల్సిన ఆచారాలు, పంటలు, ఆటలు, వేషాలు అన్నీ అందులో ఉన్నాయి. తెచ్చి నా చేతిలో పెట్టాడు. వెనక అట్టకి అంటించిన తేదీల చీటీ పసుపుపచ్చగా పెళుసెక్కి ఉంది. దాని మీద అంతకుముందు పడిన ముద్ర 2009 నాటిది. దాని కింద వాడి ముద్ర, ఇంకా తడి ఆరలేదు.

పదిహేను రోజుల గడువు. పదకొండో రోజు రాత్రి మెట్ల మీంచి కేకేశాడు: ‘‘మాస్టారూ, వాళ్ళకి సెలవు శుక్రవారం ఒక్కటే కదా?’’